శివారు గేజీ

నా ఎం.టెక్ థీసిస్ ఇప్పటికీ నా బీరువాలోనే ఉంది. నల్ల అట్ట, దాని మీద బంగారు రంగు అక్షరాలు. మూడో అధ్యాయం చివర ఒక పట్టిక ఉంటుంది. ఒక దాళ్వా పంటకాలమంతా మా కాలువ శివారున రోజూ ఉదయం నీటిమట్టం ఎంత ఉందో చెప్పే పట్టిక అది. అందులో మొదటి ఐదు వారాల అంకెలు నేను కళ్లారా చూసి రాసినవి. తర్వాతవి కుర్చీలో కూర్చుని రాసినవి. ఇన్నేళ్లలో ఎవరూ పట్టుకోలేదు. ఎవరైనా పట్టుకుని నాలుగు చివాట్లు పెట్టి ఉంటే బాగుండేదని అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

తొంభైల చివర్లో నేను ఇరిగేషన్‌లో అసిస్టెంట్ ఇంజనీరుని. ధవళేశ్వరం ఆనకట్ట నుంచి తూర్పుకి వచ్చే నీళ్లు చీలి చీలి చివరికి ఎన్నో చిన్న కాలువలవుతాయి. అలాంటి ఒక చిన్న కాలువ నా చేతిలో ఉండేది. రామచంద్రపురానికి కొంచెం దూరంలో, నీటిని తలుపులతో ఆపి వదిలే లాకుల పక్కనే నా ఆఫీసు, దాని వెనకే క్వార్టర్సు. పైకి నాలుగు కిలోమీటర్లు వెళ్తే కాలువ తల, అంటే హెడ్డు. కిందికి ఎనిమిది కిలోమీటర్లు వెళ్తే కాలువ చివర, అంటే శివారు. ఆ శివారు పొలాలకి నీళ్లు అందాయా లేదా అన్నదే నా ఉద్యోగం మొత్తం. మిగతావన్నీ కాగితాలు.

వానాకాలం పంట సార్వాకి గోదావరి నిండుగా ఉంటుంది కాబట్టి ఎవరికీ బాధ లేదు. రెండో పంట దాళ్వాకే తంటా. ఏటిలో నీళ్లు తగ్గిపోతాయి, ఫిబ్రవరి దాటితే వంతులు పెడతాం. ఒక వారం పై పొలాలకి, ఒక వారం శివారుకి. శివారు వంతు వచ్చినప్పుడు పైవాళ్లు తూములు మూసుకోవాలి. మూసుకోకపోతే మూయించడానికి మేం ఉన్నాం. ఇందుకోసమే కాలువకి మూడుచోట్ల గేజీలుంటాయి. హెడ్డు దగ్గర ఒకటి, లాకుల దగ్గర ఒకటి, శివారున ఒకటి. సిమెంటు దిమ్మెకి బిగించిన అంకెల పలకలు. రోజూ తెల్లారి ఆ అంకె చూసి పుస్తకంలో రాయాలి.

ఆ పనికి లస్కర్లుంటారు. గట్టు మీద నడుస్తూ కాలువని కనిపెట్టుకుని ఉండే మనుషులు. నాకు ముగ్గురుండాలి, ఇద్దరే ఉన్నారు. శివారు లస్కరు రిటైరయ్యాడు, ఆ ఖాళీని ఎవరూ నింపలేదు. లాకుల దగ్గరి లస్కరు మాత్రం పాతకాలపు మనిషి. నాకంటే పాతికేళ్లు పెద్ద. నీళ్ల చప్పుడు విని తలుపు ఎన్ని అంగుళాలు లేచి ఉందో చెప్పగలడు.

ఆ రోజుల్లో నేను మూడు బరువులు నెత్తికెత్తుకున్నాను. ఒకటి ఉద్యోగం. రెండోది కాకినాడలో పార్ట్‌టైమ్ ఎం.టెక్. వారానికి మూడు సాయంత్రాలు బస్సెక్కి వెళ్లి క్లాసులు విని రావాలి. మూడోది నా ఒళ్లు. ఉద్యోగంలో చేరినప్పుడు అరవై కిలోలుండేవాణ్ణి, నాలుగేళ్లకి ఎనభై ఆరుకి వచ్చాను. తప్పు పూర్తిగా నాది కాదు. మావైపు ఏఈ గారు గట్టు మీద కనిపిస్తే టిఫిన్ పెట్టకుండా పంపరు. ఒక ఊళ్లో పెసరట్టు, పక్క ఊళ్లో పూతరేకులు, ఆ పక్క ఊళ్లో "ముద్ద ముట్టుకుని వెళ్లండి" అని భోజనం. కాదంటే నొచ్చుకుంటారు. నేనెవరినీ నొప్పించలేదు.

ఒకరోజు లాకుల మీద చెక్క పలక దాటుతుంటే లస్కరు గబుక్కున వచ్చి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"జాగ్రత్తండి ఏఈ గారు. పలక పాతదండి."

ఆ పలక మీంచి రోజూ వరిగడ్డి మోపులతో మనుషులు వెళ్తుంటారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ఆదివారమే కాకినాడ వెళ్లి పరుగుకి పనికొచ్చే బూట్లు, స్టాప్‌వాచీ ఉన్న చేతి గడియారం కొనుక్కొచ్చాను. మార్చి నెలలో కాకినాడలో పదహారు కిలోమీటర్ల పరుగు పెడుతున్నారని కాలేజీ నోటీసుబోర్డులో చూసి పేరిచ్చేశాను. అది తెలిసి మా ఆవిడ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఏవండీ, ఉన్నది మీరొక్కరు. చదువంటారు, ఉద్యోగమంటారు, ఇప్పుడు పరుగంటున్నారు. ఏదో ఒకటి వదిలేయండి."

"ఏదీ వదలను. అన్నీ చేసి చూపిస్తాను."

అదీ నా పొగరు. నిజానికి అప్పుడే ఒకటి వదిలేశాను. ఏది వదిలానో నాక్కూడా తెలియకుండా వదిలాను.

నా థీసిస్ విషయం శివారు భూములకి నీటి పంపిణీ. నవ్వొస్తుంది కానీ అదే. పై రెండు గేజీల అంకెలిస్తే శివారున నీళ్లెంత ఉంటాయో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. అది సరైనదని రుజువు చేయాలంటే ఒక దాళ్వా అంతా శివారు గేజీ అంకెలు కావాలి. లస్కరు లేడు కనక నేనే వెళ్లాలి. ఐదు వారాలు వెళ్లాను. కిందికి వెళ్లే గట్టు నల్లరేగడి. మంచు పడితే స్కూటరు చక్రానికి మట్టి చుట్టుకుంటుంది, పుల్లతో గీక్కుంటూ వెళ్లాలి. పోయి రావడానికి గంటన్నర. నాకు ఉదయం దొరికేదే ఆ గంటన్నర. తర్వాత ఆఫీసు, ఆ తర్వాత బస్సు. పరుగు ఎప్పుడు ప్రాక్టీసు చేయను?

ఆరో వారంలో ఓ గొప్ప ఆలోచన వచ్చింది. ఐదు వారాల అంకెలు నా ప్రోగ్రాం ఇచ్చిన అంకెలతో దాదాపు సరిపోయాయి. ఇంకా శివారుకి వెళ్లడమెందుకు? పై రెండూ చూసి మూడోది లెక్క వేసుకుంటే చాలదా? పైకి వెళ్లే గట్టు ఎర్ర గ్రావెల్ రోడ్డు, రెండువైపులా కొబ్బరిచెట్లు. ఒక్క గుంట ఉండదు. ఆ రెండూ లస్కర్లు రాసేవే అయినా, లాకుల దగ్గర గేజీ నేనే చూసుకుని, అక్కణ్ణుంచి పరిగెత్తి హెడ్డు గేజీ చూసి తిరిగి రావచ్చు. ఎనిమిది కిలోమీటర్లు. ఉద్యోగం, చదువు, పరుగు మూడూ ఒక్క ఉదయంలో అయిపోతాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రోజూ తెలతెలవారుతుండగా బయల్దేరేవాణ్ణి. జేబులో చిన్న నోటుబుక్కు, పెన్సిలు. హెడ్డు దగ్గర వంగి గేజీ చూసి అంకె రాసి, దాని పక్కనే ఎన్ని నిమిషాల్లో వచ్చానో రాసుకునేవాణ్ణి. వెనక్కి వచ్చాక రెండు అరటిపళ్లు, స్నానం, ఆ తర్వాత శివారు అంకె లెక్కగట్టి ఆఫీసు రిజిస్టరులోకి ఎక్కించేవాణ్ణి. నెల తిరిగేసరికి ఏడు కిలోలు తగ్గాను. ప్యాంట్లు వదులయ్యాయి. మా ఆవిడ కూడా ఇక ఏమీ అనలేదు. శివారు అంకెలు చక్కగా ఉన్నాయని కాలేజీలో మా గైడు గారు మెచ్చుకున్నారు. లెక్కా, కొలతా పదహారణాలా సరిపోయాయన్నారు. సరిపోవూ మరి? రెండూ ఒకటే.

మా లాకుల దారిన రోజూ ఒకాయన సైకిలు మీద వెళ్లేవాడు. శివారు ఊరి రైతు. ఎకరన్నర పొలం, రెండు గేదెలు. హెడ్డు దగ్గరి సెంటర్లో హోటళ్లకి పాలు పోసేవాడు. గట్టు బురదని తప్పించుకుని ఊళ్ల మీదుగా తారురోడ్డున వచ్చి, లాకుల దగ్గర గట్టెక్కేవాడు. యాభై ఏళ్లుంటాయి. తలకి తువ్వాలు, సైకిలుకి రెండువైపులా పాల క్యాన్లు. నేను పరిగెత్తుతుంటే బెల్లు కొట్టి, నమస్కారం పెట్టి దాటిపోయేవాడు.

మార్చి మొదట్లో, శివారు వంతు నడుస్తున్న వారం, ఆయన దాటిపోకుండా సైకిలు నెమ్మది చేసి నా పక్కనే నడిపాడు.

"ఇంజనీరు గారండీ, మా శివారుకి నీళ్లు రాట్లేదండి. మూడ్రోజులైందండి వంతొచ్చి. చేలు పొట్ట మీదున్నాయండి, వెన్ను తీసే టైమండి."

ఆ రోజు నేను మంచి ఊపులో ఉన్నాను. హెడ్డుకి ఇంకో కిలోమీటరు. అంతకుముందెప్పుడూ అంత వేగంగా రాలేదు. ఆగితే గడియారం ఆపాలి, లేదా టైము పాడవుతుంది. ఆగలేదు. రొప్పుతూనే జవాబు చెప్పాను.

"తెలుసండి. దాని మీదే ఉన్నాను."

"అదేనండి. మీరుండగా మాకేంటండి," అని నమస్కారం పెట్టి ఆయన వెళ్లిపోయాడు. హెడ్డు చేరేసరికి ఇరవై మూడు నిమిషాలు. ఆ అంకె నాకింకా గుర్తుంది. ఆ రోజు గేజీ ఎంతో గుర్తులేదు.

ఇంటికొచ్చి లాకుల గేజీ మళ్లీ చూశాను. నిండుగా ఉంది. మామూలు కంటే నాలుగంగుళాలు ఎక్కువే. ప్రోగ్రాంలో వేస్తే శివారుకి పుష్కలంగా వెళ్తున్నట్టు చెప్పింది. రైతులు అంతే, ఎన్ని నీళ్లిచ్చినా చాలవంటారు అనుకుని రిజిస్టరు మూసేశాను.

ఆ వంతు అయిపోయింది. పైవాళ్ల వారం గడిచింది. మళ్లీ శివారు వంతు వచ్చిన మంగళవారం, నేను కాకినాడలో ఉండగా ఆ పాల రైతు ఆఫీసుకి వచ్చాడట. మర్నాడు పొద్దున నేను బూట్లు కట్టుకుంటుంటే లస్కరు చెప్పాడు.

"లాకుల కింద రెండో మైలు కాడ పైవాళ్లు అడ్డుకట్టేశారంటండి. ఇసక బస్తాలూ తాటి దుంగలూ పడేసి ఇంజన్లెట్టి తోడేస్తన్నారంటండి. శివారోళ్లు ఎల్లి పీకితే కొట్లాటవుద్దండి. మీరొచ్చి నిలబడితే చాలంటండి."

"గేజీ చూడవయ్యా. నిండుగా ఉంది కదా!"

ఆయన కాలువ వైపు చూశాడు. తాపీగా అన్నాడు.

"గేజీ నిండుగానే ఉందండి. కాలవే కదల్టం లేదండి."

ఆ మాట దగ్గర నేను ఆగిపోవాల్సింది. కాలువకి అడ్డుకట్ట వేస్తే దాని వెనక నీళ్లు నిలిచి మట్టం పెరుగుతుంది. ఇది హైస్కూలు పిల్లలకి కూడా తెలుసు. నా గేజీలో ఎక్కువైన నాలుగంగుళాలు శివారుకి వెళ్తున్న నీళ్లు కావు, వెళ్లకుండా ఆగిపోయిన నీళ్లు. పెద్ద చదువు లేని మనిషి నీటిని చూసి ఆ సంగతి కనిపెట్టాడు. ఎం.టెక్ చదువుతున్నవాడు అంకెను చూసి మోసపోయాడు. మోసపోయాను అనడం కూడా అబద్ధమేనేమో. ఆయన మాట విన్న క్షణంలో నాకు లోపల ఎక్కడో తెలిసిపోయింది. కానీ గురువారం కాకినాడలో ఇంటర్నల్ పరీక్ష. ఆదివారం పరుగు. అడ్డుకట్ట దగ్గరికి వెళ్తే ఊరి పెద్దలతో మాటలు, పోలీసులు, పంచాయితీ. రెండు రోజులు పోతాయి.

"సోమవారం వెళ్దాంలే," అన్నాను.

"సోమవారంతో వంతయిపోద్దండి."

"చెప్పాను కదా, సోమవారం వెళ్దామని!"

గొంతు పెంచాను. ఆయన తల వంచుకుని తలుపుల వైపు వెళ్లిపోయాడు. నేను పైకి పరిగెత్తాను.

పరీక్ష బాగా రాశాను. ఆదివారం పరుగు కూడా పూర్తి చేశాను. గంటా ముప్పై ఎనిమిది నిమిషాలు. చివరి కిలోమీటరులో బీచ్ రోడ్డు మీద సముద్రపు గాలి ఎదురుకొడుతుంటే ఏడుపొచ్చింది, సంతోషంతో. ఎనభై ఆరు కిలోల మనిషిని, డెబ్బై ఐదుకి వచ్చాను. మా ఆవిడ వచ్చి గీత దగ్గర నిలబడి చప్పట్లు కొట్టింది. అంత ఆనందం నా జీవితంలో ఎన్నోసార్లు రాలేదు. దాన్ని తలుచుకోవడానికి కూడా ఇప్పుడు మొహం చెల్లదు.

సోమవారం పొద్దున్నే లస్కరుని స్కూటరు వెనక ఎక్కించుకుని కిందికి వెళ్లాను. రెండో మైలు దగ్గర అడ్డుకట్ట ఉంది. మనిషి నడుము ఎత్తున బస్తాలు, వాటికి దన్నుగా తాటి దుంగలు, గట్టు మీద మూడు ఆయిలింజన్లు. నేను భయపడిన గొడవేమీ జరగలేదు. నన్ను చూడగానే ఇంజన్ల దగ్గరున్న ఇద్దరూ ఆపేశారు. "మీరు రారేమో అనుకున్నామండి," అని ఒకడు నవ్వాడు కూడా. బస్తాలు వాళ్లే లాగేశారు. మొత్తం కలిపి ముప్పావుగంట పట్టింది. నేను హెడ్డుకి వెళ్లి రావడానికి పట్టే టైము.

నీళ్లు కిందికి కదిలాయి. కానీ సాయంత్రంతో శివారు వంతు అయిపోతుంది, పైవాళ్లు తూములు ఎత్తేస్తారు. ఈ నీళ్లు శివారు దాకా వెళ్లినా చేలు తడవడానికి చాలవు. పైగా అప్పటికే చేయి దాటిపోయిందని అక్కడికి వెళ్లాక తెలిసింది.

శివారు పొలాలు నేను చూసి నెలన్నర దాటింది. గట్టు దిగితే పాదం పట్టేంత నెర్రెలు. వరి పచ్చగా లేదు, అలాగని పండలేదు. పొట్టలోంచి సగం బయటికొచ్చిన వెన్నులు తెల్లగా పాలిపోయి నిలబడ్డాయి. ఒకటి తుంచి వేళ్ల మధ్య నలిపాను. గింజ లేదు, అంతా తాలు. అటుపక్క ఒక చేలో గేదెలు దిగి మేస్తున్నాయి. ఇక ఏమీ రాదనుకుంటే తప్ప రైతు తన చేలోకి తన గేదెల్ని వదలడు.

గేదెల దగ్గర నిలబడి ఉన్నది పాల రైతే. నన్ను చూసి తువ్వాలు తలమీంచి తీసి భుజాన వేసుకుని గబగబా వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను.

"వచ్చారాండి," అన్నాడు. "ఎండలో ఇంత దూరం ఎందుకొచ్చారండి."

"ఆలస్యమైపోయిందండి," అన్నాను.

"మీరేం చేస్తారండి. మా వాళ్లందరూ పెద్దాఫీసుకి వెళ్దామన్నారండి, పోయిన వంతులోనే. ట్రాక్టరు కూడా మాట్లాడారండి. నేనే ఆపానండి." ఆయన గొంతులో కాస్త గర్వం కూడా ఉంది. "రోజూ చూస్తన్నాను కదండి నేను. మన ఇంజనీరు గారు తెల్లారకుండానే మన నీళ్ల కోసం హెడ్డు దాకా పరిగెడతన్నారు, స్కూటరుంచుకుని కూడా తియ్యట్లేదు, గేజీ కాడ వంగి రాసుకుని మళ్లీ పరిగెడతన్నారు, చెమటలు కారిపోతన్నాయి, అలాంటాయన మీద పైవాళ్లకి చెప్తే కళ్లు పోతాయని చెప్పానండి. అడిగితే మీరే అన్నారు కదండి, దాని మీదే ఉన్నానని."

మా డెల్టాలో ఆ రోజుల్లో ఒళ్లు తగ్గడానికి గట్టు మీద పరిగెత్తే మనిషి లేడు. మనిషి పరిగెత్తాడంటే ఎవరికో ప్రాణం మీదికి వచ్చి ఉండాలి, లేదా కాలువకి గండి పడి ఉండాలి. పొద్దున్నే కాలువ గట్టు మీద ఏఈ పరిగెత్తుతుంటే ఆయన ఇంకేం అనుకుంటాడు? వాళ్లు ట్రాక్టరెక్కి పెద్దాఫీసుకి వెళ్లి ఉంటే ఆ మొదటి వంతులోనే అడ్డుకట్ట లేచిపోయేది. ఆ చేలన్నీ పండేవి. నేను పని మానేసినందువల్ల పంట సగం పోతే, నేను పరిగెత్తడం ఆయన చూసినందువల్ల మిగతా సగం పోయింది.

లస్కరు నా పక్కనే ఉన్నాడు. ఆయనకి అన్నీ తెలుసు. నేల చూస్తూ నిలబడ్డాడు.

"మీ కష్టమంతా వృథా అయిపోయిందండి," అన్నాడు రైతు, నన్ను ఓదారుస్తూ.

కాదండి, నేను బరువు తగ్గడానికి పరిగెత్తానండి, మీ గేజీ చూడనే లేదండి అని చెప్పడానికి అర నిమిషం పట్టేది. నోరు తెరిచాను.

"అవునండి," అన్నాను.

థీసిస్ జూన్‌లో ఇచ్చాను. మార్చి నెలంతా శివారుకి నీళ్లు సక్రమంగా అందినట్టు అందులో ఉంది. ఫస్ట్ క్లాసు వచ్చింది. అదే కాలువ మీద ఇంకో రెండేళ్లు పనిచేశాను. ఆ రెండేళ్లూ శివారు గేజీకి రోజూ స్వయంగా వెళ్లాను, ఇంకెప్పుడూ ఆ చేలు ఎండనివ్వలేదు. దానివల్ల ఆ రోజు చేలో అన్న ఆ ఒక్క మాట వెనక్కి రాలేదు. ఎప్పుడైనా సెలవు రోజున పైకి పరిగెత్తితే ఆ రైతు ఎదురయ్యేవాడు. అంతకుముందు బెల్లు కొట్టి దాటిపోయిన మనిషి, అప్పట్నుంచి నన్ను దూరం నుంచి చూడగానే సైకిలు దిగి, గట్టు వారకి జరిపి, నేను దాటేదాకా చేతులు జోడించుకుని నిలబడేవాడు. నేను ఆగేవాణ్ణి కాదు.